ముల్లు మీది బంగారి

మార్చి 9

అక్క మోకాలు బంతిలా వాచింది. గులాబీ ముల్లట. "కుండీ మారుద్దామని మోకాళ్ళ మీద కూర్చున్నా, కత్తిరించిన కొమ్మ మీద పడింది, ముల్లు దిగింది, పీకి పారేశా, అంతే" అంది ఫోన్లో. అంతే అన్న మనిషి ఈరోజు బస్సు తియ్యలేదు. జ్వరం వచ్చినా, బావతో మాటల్లేకపోయినా డిపోకి వెళ్ళని అక్కని నేను చూడలేదు. వాచింది ఎడమకాలు. క్లచ్ తొక్కే కాలు.

డైరీ తీసి చాలాకాలమైంది. ఇవాళ ఎందుకు తీశానో నాకే తెలీదు.

ఆ గులాబీ ఈసారి విరగబూసింది. పూసిందంటే పూసిందా, బాల్కనీలో బట్టలారేసుకునే చోటు లేకుండా చేసింది. దాని వెనక ఎవరి చెయ్యుందో నాకు తెలుసు. చలికాలంలో మా ల్యాబ్ నుంచి ఒక సీసా బంగారి పట్టుకెళ్ళి, వారానికొక మూత నీళ్ళలో కలిపి మొదట్లో పొయ్యమని ఇచ్చింది నేనే. కాగితాల మీద పాంటోయియా అని రాస్తాం గానీ, ప్లేట్ మీద పసుపురంగు చుక్కలుగా మెరిసే ఆ బ్యాక్టీరియాకి బంగారి అని పేరు పెట్టింది కూడా నేనే. వేళ్ళని పట్టుకుని ఉంటుంది, కుళ్ళు రానివ్వదు, మట్టిలో ఉన్న తిండిని కరిగించి వేళ్ళకి అందిస్తుంది. దాన్ని విత్తనాలకి పట్టించి రైతులకి పంపడానికి మేము ఇన్నేళ్ళుగా తంటాలు పడుతున్నాం.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నాను? అక్క మోకాలు వాచింది. అంతే.

మార్చి 11

ఆస్పత్రిలో చేర్చారు. మోకాల్లోకి సూది గుచ్చి నీరు లాగారు. తేటగా ఉండాల్సింది మబ్బుగా వచ్చింది. అక్క సిరంజీ వైపు చూసి, "మా బండి ఇంజిన్ ఆయిల్ ఇంతకంటే నయం" అంది. నర్సు నవ్వాపుకోలేక సూది మీంచి చెయ్యి తీసేసింది. బావ మాత్రం నవ్వలేదు. బావ మామూలుగానే మాటలు పొదుపు చేసే మనిషి, ఇవాళ మరీ నోరు కుట్టేసుకున్నాడు.

ఆ నీటిని ల్యాబ్‌కి పంపారు.

మార్చి 12

ఇంకా ఏమీ పెరగలేదట.

మార్చి 13

పెరిగింది.

ఆస్పత్రి ల్యాబ్ కింది అంతస్తులో ఉంది. అక్కడి డాక్టరు పెద్దాయన, కళ్ళద్దాలు నుదుటి మీదే ఉంటాయి, కిందికి దించగా నేను చూడలేదు. నేను మొక్కల ల్యాబ్‌లో పనిచేస్తానని బావ చెప్పాడట. "రండమ్మా రండి, మీ చుట్టం వచ్చింది" అంటూ ప్లేట్ మూత తీశాడు.

పసుపు చుక్కలు. నునుపుగా, గుండ్రంగా, మెరుస్తూ.

సిగ్గు విడిచి రాస్తున్నా, ముందు నాకు భయం వెయ్యలేదు. ఎంత ముద్దుగా ఉన్నాయో అనుకున్నాను. ఏళ్ళ తరబడి రోజూ చూసే ముఖం, ఎక్కడో పరాయి ఊరి బస్టాండులో ఎదురైతే నోరు తెరుచుకుని నిలబడిపోతామే, అలా నిలబడిపోయాను. ఇవి అక్క మోకాల్లోంచి వచ్చాయన్న సంగతి ఆ తరవాత గుర్తొచ్చింది.

"మొక్కల మీద ఉండేదే. ముల్లు గుచ్చుకున్నవాళ్ళలో అప్పుడప్పుడూ చూస్తుంటాం" అన్నాడాయన. ఒక గొట్టంలో కొంచెం పెట్టి ఇమ్మని అడిగాను. ఆయన ఎందుకని అడగలేదు.

మార్చి 14

ఇది నాదే అయ్యుండాలని ఏముంది? ఈ జాతి ఆకుల మీద ఉంటుంది, పళ్ళ మీద ఉంటుంది, దుమ్ములో ఉంటుంది. నేను సీసా ఇవ్వకముందు ప్రపంచంలో పాంటోయియా లేదా? గులాబీలు లేవా? ముళ్ళు లేవా? అక్క ముందెప్పుడూ గుచ్చుకోలేదా? ఇంకా ఏమీ ఖాయం కాలేదు. ఖాయం కాని సంగతి చెప్పి జబ్బు మనిషిని కంగారుపెట్టకూడదు.

రేపు చెప్తాను.

మార్చి 15

అక్క నిద్రపోతోంది. రేపు చెప్తాను.

మార్చి 17

నా బంగారినీ మోకాలి దాన్నీ పక్కపక్క ప్లేట్ల మీద గీసి మా ఇంక్యుబేటర్‌లో పెట్టాను. మా ఇంక్యుబేటర్ ఇరవై ఎనిమిది డిగ్రీల మీద ఉంటుంది. నేను చేరకముందే ఎవరో ఆ మీట మీద టేపు అంటించి, "చెయ్యి వేసినవాళ్ళు వారంపాటు గాజుసామాను కడగాలి" అని రాసిపెట్టారు. అక్షరాలు వెలిసిపోయాయి గానీ భయం వెలవలేదు. ఎవ్వరం ముట్టుకోం. మొక్కల మనుషులం, మొక్కకి హాయిగా ఉండే వేడే మాకూ హాయి.

రెండూ పెరిగాయి. ప్లేట్ల వెనక మార్కరుతో రాసుకున్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే ఏది ఏదో చెప్పడం నా వల్ల కాదు. ఒకటే పసుపు, ఒకటే మెరుపు, ఒకటే వాసన. పేరు తేల్చే జన్యువు ఒకటుంటుంది, అదీ చదివించాను. తేడా లేదు.

పెద్ద మేడమ్‌కి చెప్పక తప్పలేదు. ల్యాబ్ ఆమెది. విత్తనాల సంచులు కట్టి లారీ కోసం ఎదురుచూస్తున్నాయి.

"అంటే మీ అక్కగారి కాల్లో ఉన్నది మనదే అంటావా?"

"ఏమో మేడమ్. కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు."

ఆమె కిటికీలోంచి సంచుల వైపు చూసింది. కేకలేస్తుందనుకున్నా. "సంచులు ఆపేద్దాం. ఇవి వేల చేతులు ముట్టుకునే విత్తనాలు" అంది. తరవాత మెల్లగా, "నువ్వు తిన్నావా?" అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది.

రెండు ఒకేలా ఉన్నవి, ఒకటి వేరుని కాపాడేది, ఒకటి అక్కని తినేది. ఒకేలా ఉన్నవా, ఒకటేనా? అది తేలాలంటే వాటి జన్యువుల్లో ఉన్న అక్షరాలన్నీ మొదలు నుంచి చివరిదాకా చదివించాలి. బయటికి పంపాలి. వారాలు పడుతుంది.

మార్చి 18

రేపు తప్పకుండా.

మార్చి 20

మళ్ళీ జ్వరం. మందు పట్టడం లేదు. ఇవాళే కీలు తెరిచి కడుగుతామన్నారు. సర్జన్ బావని పక్కకి పిలిచి, కడిగినా శుభ్రం కాకపోతే కీలుని కదలకుండా బిగించెయ్యాల్సి రావచ్చు అన్నాడట. బావ ఆ మాట నాకు చెప్పడానికి మూడుసార్లు గొంతు సవరించుకున్నాడు. బిగించిన మోకాలితో నడవొచ్చు. బస్సు నడపలేం.

అక్కకి అప్పటికే తెలిసిపోయింది. పైకప్పు చూస్తూ పడుకుని ఉంది. "చంటీ, క్లచ్ లేని బండ్లు వస్తున్నాయట కదే. మా డిపోకి వచ్చేసరికి నేను ముసలిదాన్నవుతానేమో" అంది.

ఇక ఆగలేకపోయాను.

"అక్కా, నీ కాల్లో పడింది నా బంగారేనేమో."

"ఏ బంగారి?"

"చలికాలంలో సీసాలో పోసి ఇచ్చానే. గులాబీకి. అదీ నీ కాల్లోదీ ఒక్కలాగే ఉన్నాయి. నా వల్లే నీకు..."

అక్క నా వైపు చాలాసేపు చూసింది. చెంపదెబ్బ కొట్టినా బాగుండేది. అప్పుడు ఉన్నట్టుండి నవ్వింది.

"ఓస్, ఆ కంపు సీసానా! దాని గురించా వారం నుంచి మొహం అలా వేలాడేసుకుని తిరుగుతున్నావు? మూత తియ్యగానే ముక్కు పగిలింది తల్లీ. ఆరోజే కాలవలో పారబోశా. నొచ్చుకుంటావని చెప్పలేదంతే."

"పొయ్యనే లేదా?"

"ఒక్క చుక్క కూడా. నీ సీసాకి అంత సీన్ లేదే."

స్ట్రెచర్ తోసుకుంటూ వెళ్ళిపోయారు. నేను వరండాలో బెంచీ మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. బరువు దిగిపోయింది. కొంచెం రోషం కూడా వచ్చింది, రాయకపోతే దాచినట్టవుతుంది. అంత కష్టపడి పెంచింది కాలవలో పారబోస్తుందా!

అక్కకి అబద్ధమాడటం చేతకాదు. చిన్నప్పుడు నేను పగలగొట్టిన అద్దాన్ని అమ్మ ముందు తన మీద వేసుకుంటే, చెవులు ఎర్రగా కందిపోయి ఇట్టే దొరికిపోయింది. ఇవాళ చెవులు చూడలేదు. ఆపరేషన్ టోపీ పెట్టేశారు. చూడాల్సిన అవసరమూ లేదు.

మార్చి 21

ముల్లు దొరికింది! అక్క పీకి పారేసింది సగమేనట. మొన విరిగి కీలు లోపలే ఉండిపోయింది. నెయిల్ కటర్‌తో కత్తిరించిన గోరుముక్కంత ఉంది. ఇంత మందు పోసినా ఎందుకు తగ్గలేదో ఇప్పుడు అర్థమైంది, బంగారి ఆ చెక్క ముక్కలో ఇల్లు కట్టుకుని తలుపేసుకుంది.

చూపిస్తానని ల్యాబ్ డాక్టరుగారు కిందికి పిలిచాడు. నా బంగారినీ మోకాలి దాన్నీ పక్కపక్కన పెంచి చూసిన సంగతి ఆయనకి చెప్పాను. ముల్లు మొనని వేసిన ప్లేట్ పెట్టడానికి ఇంక్యుబేటర్ తలుపు తీశాడు. వెచ్చటి గాలి నా మొహానికి కొట్టింది.

"ఇంత వేడా!" అన్నాను.

"ముప్పై ఏడు. మనిషి ఒళ్ళు ఎంత వేడో అంత. మీరు ఎంతలో పెంచుతారు?"

"ఇరవై ఎనిమిది."

"రెండిటినీ?"

"రెండిటినీ."

ఆయన కళ్ళద్దాలు మొదటిసారి ముక్కు మీదికి దించాడు. "మరి మీ దాన్ని ముప్పై ఏడులో పెట్టి చూశారా?"

చూడలేదు. నేను చూడలేదు, మేడమ్ చూడలేదు, మాకు ముందున్నవాళ్ళు చూశారో లేదో తెలీదు. ముందువాళ్ళు చూసే ఉంటారని ప్రతివాళ్ళమూ అనుకున్నాం. మొక్కకి జ్వరం రాదు కదా! ఒక టేపు ముక్కకి భయపడి ఇన్నేళ్ళు ఒక్క మీట తిప్పలేదు. అక్క మోకాల్లో ఏముందో చూడ్డానికి కూడా దాన్ని మొక్కలాగే చల్లగా కూర్చోబెట్టాను. తల తీసేసినట్టయింది.

అక్క పొయ్యనే లేదంది కదా, ఇక చూడటం ఎందుకు అనుకున్నాను. అనుకుంటూనే ల్యాబ్‌కి వెళ్ళి నా బంగారిని తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

మార్చి 22

ఇది జాగ్రత్తగా రాయాలి. ఎప్పుడైనా మర్చిపోతానేమో.

ముప్పై ఏడు డిగ్రీలు. ఎడమ ప్లేట్, అక్క మోకాలిది. నిండిపోయింది. గీత గీసిన దారి పొడుగునా పసుపు పొంగింది. కుడి ప్లేట్, నాది. ఏమీ లేదు. వెలుతురుకి అడ్డంగా పట్టి చూశాను, ఏటవాలుగా పట్టి చూశాను, ఊపిరి బిగబట్టి చూశాను. సూది గీసిన గాటు కనిపిస్తోంది గానీ దాని మీద ఒక్క చుక్క మొలవలేదు.

ఒక్క జాతి. ఒక్క పేరు. ఒక్క మొహం. చల్లగా ఉంచితే అమ్మకి కూడా తేడా తెలీని కవలలు. కాస్త వేడి తగిలేసరికి ఒకటి మనిషి లోపల కాపురం పెట్టగలిగేది, ఇంకొకటి గడప దగ్గరే ప్రాణం వదిలేసేది. ఆ తేడా ఎక్కడుంది? కంటికి కనపడని దానికి లోపల, ఇంకా కనపడని చోట, కొన్ని అక్షరాల్లో. ఇన్నేళ్ళుగా దీన్ని పెంచుతున్నాను, పేరు పెట్టి పిలుస్తున్నాను, నాకు దీని గురించి ఏం తెలుసు? ఏమీ తెలీదు. అంత సంతోషంగా నాకేమీ తెలీదని నేను ఎప్పుడూ అనుకోలేదు.

"మీది కాదు" అన్నాడు డాక్టరుగారు. తరవాత, "ఈ ఒక్క ప్లేట్ చూసి తీర్పు చెప్పకూడదనుకోండి. అక్షరాలు చదివించండి" అన్నాడు.

మార్చి 24

చదివించడానికి పంపాలంటే నమూనాలు కావాలి. మొన్న సాయంత్రమే అక్కావాళ్ళ బాల్కనీకి వెళ్ళాను. గులాబీ ముళ్ళ మీంచి దూదితో తుడిచాను. కుండీ మట్టి తవ్వి ఒక సన్నటి వేరుముక్క కూడా తీసుకున్నాను. అక్కడ సీసా పొయ్యలేదు కాబట్టి వేరు మీద నాది ఉండదు, అయినా పద్ధతి ప్రకారం చెయ్యాలి కదా. కుండీ అంచుకి ఒక ప్లాస్టిక్ మూత దారంతో కట్టి ఉంది.

"బావా, అక్క ఈ కుండీకి ఏమేం పోస్తుంటుంది?"

బావ ఉలిక్కిపడ్డాడు. "నాకేం తెలీదమ్మా. నన్ను అడక్కు. మీ అక్కనే అడుగు" అని చీపురు తీసుకుని ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చాడు. పాపం, అక్క లేక ఇల్లు బోసిపోయింది ఆయనకి.

ఇవాళ ప్లేట్లు చూస్తే ముల్లుదాని మీద పసుపు చుక్కలు మొలిచాయి. వేరుదాని మీదా మొలిచాయి. నాలుగూ పంపాను. మోకాలిది, నాది, ముల్లుది, వేరుది.

ఏప్రిల్ 2

జ్వరం లేదు. వాపు తీసింది. ముల్లు బయటపడ్డాక మందు పనిచేస్తోంది. మోకాలు ఇంకా కర్రముక్కలా ఉంది గానీ, కీలు బిగించే మాట సర్జన్ మళ్ళీ ఎత్తలేదు. అక్క కాళ్ళ దగ్గర దిండు నిలబెట్టుకుని ఎడమ పాదంతో తొక్కుతోంది, చేత్తో గాల్లో గేరు మారుస్తోంది. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, నోటితో మాత్రం "స్టాపొచ్చింది, దిగండి దిగండి" అంటోంది. పక్క మంచం ముసలావిడ నిజంగానే చెప్పులు వేసుకుంది.

ఏప్రిల్ 12

మోకాలి దాన్ని వేడిలో చూశాం. మరి నా దాన్ని చూసే చోట, మొక్క వేరు దగ్గర, దాన్ని చూడొద్దా?

గాజు గొట్టాల్లో టమాటా మొలకలు పెట్టాను. కొన్నిటి వేళ్ళకి నా బంగారి, కొన్నిటికి మోకాలిది, కొన్నిటికి ఏమీ లేదు. చేతులకి తొడుగులు, మొహానికి గుడ్డ, తలుపుకి తాళం. మోకాలిది మొలకల్ని చంపేస్తుందనుకున్నాను. చంపాలని కూడా అనిపించింది, అది అక్కని ఏడిపించింది కదా.

ఇవాళ చూశాం. మోకాలిది అంటించిన మొలకలకి వేళ్ళు పాయలు పాయలుగా విచ్చుకున్నాయి. నా వాటికంటే ఒక పిసరు ఎక్కువే. మనిషి కీలుని చీముతో నింపింది ఇక్కడ బుద్ధిగా వేరు పక్కన కూర్చుని దానికి తిండి పెడుతోంది. దానికి పగ లేదు. ప్రేమా లేదు. ముల్లు మీద ఉన్నప్పుడు ముల్లు మీద బతికింది, అక్కలోకి వెళితే అక్కలో బతికింది, వేరు దగ్గర పెడితే వేరుతో బతుకుతోంది. కళ్ళు లేవు, ముక్కు లేదు, తాను ఎక్కడుందో అడిగి చెప్పేవాళ్ళు లేరు. ఎలా తెలుస్తుంది దానికి? దాని మీద కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను. రాలేదు. చేతులు కట్టుకుని చూస్తూ ఉండిపోయాను.

మేడమ్ గొట్టాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. "మంచిది, చెడ్డది అని మనం వేరు చేసి పెట్టుకున్నాం. దీనికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు" అంది. తరవాత ఇంక్యుబేటర్ దగ్గరికి వెళ్ళి ఆ టేపు గోళ్ళతో పీకేసింది. ఇకనుంచి ఏ రకమైనా ముందు ముప్పై ఏడులో పెరగదని తేలాకే సంచిలోకి వెళ్తుందట. మరి గాజుసామాను ఎవరు కడుగుతారని ఎవరో వెనక నుంచి అడిగారు. ఆమే కోటు చేతులు పైకి మడిచింది. ఒక పూట కడిగి రెండు బీకర్లు పగలగొట్టాక మేమే బతిమాలి మానిపించాం.

మే 6

అక్షరాలు వచ్చాయి.

మోకాలిదీ ముల్లుదీ ఒకటే. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా. అది ఆ గులాబీతోనే ఉంది, ఎప్పటినుంచో. నాది ఇంకొకటి. ఒకే జాతే గానీ, మోకాలి దానిలో ఉన్న జన్యువుల కట్టలు కొన్ని నా దానిలో లేవు, నా దానిలో ఉన్నవి దానిలో లేవు. అంటే నేను కాదు. ఈసారి ప్లేట్ కాదు చెప్పింది, అక్షరాలే చెప్పాయి. మేడమ్ నా వీపు తట్టింది. లారీకి ఫోన్ చేసింది.

నాలుగోదాన్ని చివర్న చూశాను. వేరుది.

వేరు మీద ఉన్నది నాది. పొల్లు పోకుండా నాది. సీసాలో పోసి ఇచ్చిన బంగారే.

ఒక్క చుక్క కూడా పొయ్యలేదంది కదా. కాలవలో పారబోశానంది కదా.

కాగితం కింద పెట్టి, మళ్ళీ తీసి చదివాను. మళ్ళీ చదివాను. కుండీకి దారంతో కట్టిన మూత గుర్తొచ్చింది. అది కొలత మూత, నేనిచ్చిన సీసాదే. నాకు ఆరోజే కనపడింది. కనపడిందని ఇక్కడ రాసుకున్నాను కూడా.

అక్క వారం వారం కొలిచి పోసింది. ఒక్క వారం మానలేదేమో, లేకపోతే ఇంత గట్టిగా వేళ్ళకి పట్టుకుని ఉండదు. నేను వెళ్ళి నా వల్లేనేమో అక్కా అన్నప్పుడు తనకీ అలాగే తోచి ఉంటుంది. తోచకుండా ఎలా ఉంటుంది? చెల్లెలు ఇచ్చింది, తను పోసింది, కాలు పోతోంది. అది నా వల్లేనని నమ్మి, కాలు ఉంటుందో ఊడుతుందో తెలీకుండా లోపలికి వెళ్ళబోతూ, నాకేసి అంతసేపు చూసి, నవ్వి, నా సీసాకి అంత సీన్ లేదంది.

బ్యాక్టీరియాని చూసి నోరు తెరిచానని పేజీలు నింపాను. ఇది రాయడానికి నాకు మాటలు చాలడం లేదు.

మే 7

అడగను. తను పోసిందని నాకు తెలిసిందని తనకి తెలియక్కర్లేదు.

మే 25

అక్క రేపు డిపోకి వెళ్తోంది. ముందు ఖాళీ బస్సు తిప్పి చూపించాలట, తరవాత జనాన్ని ఎక్కించుకోవాలట. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. అక్క బాల్కనీలో స్టూలు మీద కూర్చుని గులాబీ కత్తిరిస్తోంది. చేతులకి తోలు తొడుగులు, మోకాళ్ళకి బావ కుట్టిన మందపాటి మెత్తలు. యుద్ధానికి వెళ్ళేదానిలా ఉంది.

అక్షరాల సంగతి చెప్పాను. ముల్లు మీద ఉన్నదే కాల్లోకి వెళ్ళిందని, నాది కాదని. వేరు మాట ఎత్తలేదు.

అక్క కత్తెర పక్కన పెట్టింది. గుండెల్లోంచి ఒక పెద్ద ఊపిరి వదిలింది. అన్ని రోజులుగా అది లోపల ఉందని నాకు అప్పుడే తెలిసింది.

"నేను చెప్పలేదూ? నీదానికి అంత సీన్ లేదని" అంది. వెంటనే, "చంటీ, ఆ సీసా ఇంకోటి ఉందా? ఈసారి పారబొయ్యనులే. వాసన వచ్చినా సరే, ముక్కు మూసుకుని పోస్తా."

చెవులు చూశాను. టోపీ లేదు. అద్దం పగిలిన రోజు ఎంత ఎర్రగా ఉన్నాయో అంత ఎర్రగా ఉన్నాయి.

"ఉంది. రేపే తెస్తా" అన్నాను. "ఎలా పొయ్యాలో తెలుసా మరి?"

"ఎందుకు తెలీదు? వారానికొక మూత, నీళ్ళలో కలిపి, ఆకుల మీద పడకుండా, పొద్దు వాలాక..." అంటూ ఆగిపోయింది. నాలుక కరుచుకుంది. లోపల గదిలో బావ దగ్గాడు.

నేను వినిపించుకోనట్టు లేచి, మగ్గుతో నీళ్ళు తెచ్చి గులాబీ మొదట్లో పోశాను.